గండి దగ్గర మావయ్య

2023 వేసవి. ఏలూరులో మా ఇంటి ముందుగది, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను, ఎదురుగా ల్యాప్‌టాప్. అప్పటికి నేను కామిక్ పుస్తకాలు రాయబట్టి పాతికేళ్ళు దాటింది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు. "మీరు బొమ్మలేస్తారా అండీ?" అంటారు. లేదండీ, రాస్తాను అంటాను. "బొమ్మల పుస్తకంలో రాయడానికేముంటుందండీ?" అంటారు. ఈ ప్రశ్న నన్ను పెళ్ళిచూపుల్లో అడిగారు, బ్యాంకులో అడిగారు, మొన్నటికి మొన్న పళ్ళ డాక్టరు నా నోట్లో పరికరం పెట్టి మరీ అడిగాడు. జవాబు చెప్పే వీలు కూడా లేదు.

కాబట్టి ముందే చెప్పేస్తాను. కామిక్ పేజీలో కనిపించే ఒక్కో గడిని ప్యానెల్ అంటాం. ఏ ప్యానెల్లో ఎవరుండాలి, ఎక్కడ నిలబడాలి, ఎటు చూడాలి, వాళ్ళ నోటి దగ్గర వేలాడే బెలూన్లో ఏ మాటలుండాలి, ఇదంతా స్క్రిప్టు. ఆ స్క్రిప్టు రాసేది నేను. దాన్ని చదివి, పదిసార్లు ఫోన్ చేసి నా ప్రాణం తీసి, గీసేది ఆర్టిస్టు. నా ఆర్టిస్టు పేరు రాంబాబుగారు, ఉండేది తాడేపల్లిగూడెం. మంచి చెయ్యి. కానీ తనకి అర్థం కానిదేదీ గీయడు. ఈ గుణం మీకు గొప్పగా కనిపించవచ్చు. ఆయనతో పనిచేసి చూడండి.

నేను మొదలుపెట్టిన రోజుల్లో పిల్లల మాసపత్రికలుండేవి. అడవి, ఎలుగుబంటి, మాయల అద్దం అంటూ నెలనెలా రాసుకునేదాన్ని. అవి ఒక్కొక్కటే మూతబడ్డాయి. తర్వాత బడిపిల్లలు చేతులు కడుక్కోవడం మీద, రొయ్యలకి మేత వేయడం మీద కామిక్స్ రాశాను. రొయ్యకి డైలాగు రాసినదాన్ని నేను. ఇప్పుడు కొత్త బేరం ఒకటి తయారైంది. ఇంట్లో పెద్దవాళ్ళ జీవితాన్ని బొమ్మల పుస్తకంగా వేయించి, వేడుకకి వచ్చినవాళ్ళకి పంచిపెడతారు. స్టీలు గిన్నెలకి బదులన్నమాట.

అలా వచ్చినవాడే రమణగారు. ఇక్కడ పేర్లన్నీ మార్చాను. కలిదిండి వైపు చేపల చెరువులున్నాయి ఆయనకి. నలభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న సూర్యనారాయణగారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు, అంటే ఎనభై దాటినవాళ్ళకి చేసే పండగ. "మేడమ్‌గారూ, మా నాన్నగారి మీద ముప్ఫై రెండు పేజీల కలర్ పుస్తకం రావాలండి. జనం చదివి ఇలా అయిపోవాలి," అని రెండు చేతులూ బుగ్గలకి పెట్టుకుని చూపించాడు.

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. పొద్దున్నే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. నాన్నగారు ఎక్కడా ఓడిపోకూడదండి. సరే. నాన్నగారి చొక్కా ఎక్కడా మాసిపోకూడదండి. ఆయన చెరువులో దిగి పనిచేశారు కదండీ అని నేనంటే, తెల్లచొక్కాతో దిగమనండి అన్నాడు. మూడో పేజీలో మా ఆవిడ కనిపించాలండి అన్నాడు. మూడో పేజీలో సూర్యనారాయణగారికి పన్నెండేళ్ళు. కోడలింకా పుట్టనే లేదు. "ఆకాశంలోంచి ఆశీర్వదిస్తున్నట్టు వెయ్యొచ్చు కదండీ," అన్నాడు. బతికున్న కోడలు మామగారిని ఆకాశంలోంచి ఆశీర్వదించడమేమిటో మీరే చెప్పండి. తల బాదుకున్నాను.

వీటన్నిటికీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఒక్కటే వచ్చింది. "ఇరవయ్యో పేజీలో విలన్ రావాలండి. మా మావయ్య."

మావయ్య అంటే రమణగారి మేనమామ, వాళ్ళమ్మకి సొంత తమ్ముడు. పేరు కృష్ణమూర్తి. పక్క ఊరే. ఆయన వరిచేను వీళ్ళ చేపల చెరువుని ఆనుకుని పల్లంలో ఉంటుంది. రమణగారు ఇంటర్ చదివే రోజుల్లో ఓ తుఫాను వచ్చింది. వాళ్ళమ్మకి జ్వరం ముదిరి ఏలూరు ఆసుపత్రిలో ఉంటే తండ్రి కూడా అక్కడే ఉండిపోయారు. తెల్లవారాక రమణగారు ఒక్కడే చెరువు చూసుకోవడానికి వెళ్ళాడు.

"గట్టుకి గండి పడుందండి. ఆ గండిలో పార పట్టుకుని మావయ్య. కళ్ళారా చూశాను. అంతకు వారం ముందే నాన్నగారికీ ఆయనకీ పెద్ద రగడైంది. మా చెరువు ఊట దిగి వాళ్ళ చేను కుళ్ళిపోతోందని. ఆ కసితో గండి కొట్టేశాడండి. గట్టు తెగిపోయి, ఉన్న చేపంతా పోయింది. అప్పుల్లో పడి, మళ్ళీ లేచేసరికి నాన్నగారి జుట్టు తెల్లబడిపోయింది."

"చెరువు నీళ్ళు పడితే ఆయన చేనే కదండీ ముందు మునిగేది?" అన్నాను.

"కసి మీదున్నవాడు చేను చూసుకుంటాడాండీ! మీరు రాయండి మేడమ్. మీసం పెద్దది పెట్టించండి."

కథలో విలన్ ఉంటే నాకు సుఖమే. కానీ ఈ విలన్ బతికున్నాడు, పక్క ఊళ్ళో ఉన్నాడు, ఆ ఊరివాళ్ళందరికీ పుస్తకం పంచబోతున్నారు. ఎందుకొచ్చిన గొడవ, పెద్దాయన్ని కలిసి మాట్లాడదామని కైకలూరు బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను.

సూర్యనారాయణగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆ పేజీ గురించి అడిగితే పేపరు దించకుండానే, "మావాడు చూశాడు కదమ్మా. చూసిందే రాయండి," అన్నారు. వేడుకకి ఆ బావమరిదిని పిలుస్తారా అని అడిగాను. "పిలవను. పిలిచినా వాడు రాడు," అని పేజీ తిప్పారు. ఇంటర్వ్యూ అయిపోయింది. ఎండలో అంత దూరం వచ్చింది ఇందుకా అని నాకు ఒళ్ళు మండింది.

లోపల్నుంచి పిలుపొచ్చింది. "ఏవమ్మా, కాస్త వంటింట్లోకి రామ్మా. పెసరట్టు వేశాను."

ఆవిడ మహలక్ష్మమ్మగారు, పెద్దాయన భార్య. అట్టు వడ్డించి తలుపు దగ్గరగా వేశారు. "ఆ పేజీ తీసెయ్యలేవా అమ్మా?" అన్నారు.

"నా చేతుల్లో లేదండీ. పుస్తకం మీ అబ్బాయిది."

"అది కాదమ్మా. ఈ పండక్కి దంపతుల్ని పీటల మీద కూర్చోబెడతారు గదా, అప్పుడు నాకు పుట్టింటి చీర పెట్టాలి. పుట్టిల్లంటే ఎవరున్నారు నాకు? ఆ తమ్ముడొక్కడే. మా అమ్మ పోయినప్పుడు వెళ్ళి, గంటసేపుండి, వాడి మొహం చూడకుండా వచ్చేశాను. ఎప్పటికైనా ఈయన మెత్తబడరా, వాడు చీర పట్టుకుని రాడా అని చూస్తున్నాను. నువ్వు వాణ్ణి దొంగగా బొమ్మేసి ఊరంతా పంచాక ఇంకేం వస్తాడు? నా బతుక్కి ఇంకో పండగుందా?"

నేను కథలు రాసేదాన్నమ్మా, మీ ఇంటి తగువు తీర్చేదాన్ని కాదు అందామనుకున్నాను. కానీ "చూస్తానండీ" అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు. తిరుగు బస్సులో కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. రొయ్యల కామిక్ రాసుకుంటూ ఉంటే ఏం పోయింది నాకు? రొయ్యలకి పుట్టిళ్ళు లేవు, పగలూ లేవు.

ఇంటికొచ్చాక రమణగారికి ఫోన్ చేసి, విలన్ పేజీ లేకపోతే పుస్తకం ఇంకా బాగుంటుందని నచ్చజెప్పబోయాను. "అది లేకపోతే పుస్తకమే వద్దండి," అన్నాడు. ఇక చేసేది లేక స్క్రిప్టు రాసి రాంబాబుగారికి పంపాను. నాలుగో రోజు ఆయన ఫోన్.

"ఏవండీ విజయగారూ, మీ విలన్ నిలబడట్లేదండి."

"నిలబడకపోవడమేంటండీ?"

"గట్టు మీద నిలబెడితే బానే ఉన్నాడు. మీరేమో గండిలో నిలబెట్టమన్నారు. చెరువు నీళ్ళు ఉరుకుతుంటే ఆ ఉరవడిలో దిగి గండి కొట్టేవాడెవడండీ? గట్టు మీద నిలబడి కొడతాడు గానీ. థంబ్‌నెయిల్స్ వేసి వేసి విసుగొచ్చేసిందండి." థంబ్‌నెయిల్ అంటే అసలు బొమ్మకి ముందు అరచేతిలో పట్టేంత వేసుకునే చిత్తు బొమ్మ.

రమణగారిని అడిగితే, గండిలోనే చూశాను, నడుం లోతు నీళ్ళలో, అంటాడు. మాట మార్చడు. రాంబాబుగారు గీయడు. ప్రెస్సువాడు ఫైలు ఎప్పుడిస్తారంటాడు. ముగ్గురి మధ్యా నేను నలిగిపోయి, చివరికి రమణగారిని తాడేపల్లిగూడెం రమ్మని, నేనూ వెళ్ళాను. మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను వదిలెయ్యండి అన్నది నా ఉద్దేశం.

రాంబాబుగారి గది ఉల్లిపాయల మార్కెట్ వెనక మేడ మీద. మిట్టమధ్యాహ్నం. ఉల్లిఘాటుకి కళ్ళు మండుతున్నాయి. రమణగారు వచ్చీ రాగానే, "ఏంటండీ ఆర్టిస్టుగారూ, ఒక మనిషి, ఒక పార. దీనికింత రాద్ధాంతమా?" అన్నాడు.

రాంబాబుగారు పెన్సిలు చెవిమీద పెట్టుకుని, ఏమాత్రం తొణక్కుండా, "పార ఏ చేత్తో పట్టుకున్నాడండీ?" అన్నాడు.

"కుడిచేత్తో."

"మరి రెండో చెయ్యి ఎక్కడ పెట్టమంటారు? జేబులోనా?"

"అబ్బా! ఎక్కడో అక్కడ పెట్టండి."

"ఎక్కడో అక్కడ పెట్టడానికి కుదరదండి. మీరు నోటితో చెప్పేటప్పుడు ఒక చెయ్యి చెప్తే సరిపోద్ది. నేను రెండూ వెయ్యాలి గదండీ."

రమణగారికి తిక్కరేగింది. మూల ఉన్న గది తుడిచే కర్ర అందుకుని మధ్యలోకి వచ్చాడు. "చూడండి. ఇదే గండి అనుకోండి. నేను అటుపక్క గట్టు మీంచి వస్తున్నాను. ఆయన నాకు వీపు పెట్టి ఇలా ఉన్నాడు. నడుం దాకా నీళ్ళు. కుడిచేత్తో పార. ఇలా వంగాడు. ఈ పక్కన చంకలో గడ్డిచుట్ట పెట్టుకుని…"

అక్కడ ఆగిపోయాడు.

ఎడమచెయ్యి పక్కటెముకలకి గట్టిగా అదిమి పెట్టి ఉంది. చంకలో నిజంగానే ఏదో ఉన్నట్టు. నడుం వంచే ఉంచాడు. నాకు ముందు అర్థం కాలేదు. పుట్టింది ఏలూరు టౌనులో, నాకేం తెలుస్తుంది. చేపల చెరువులు చేసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. గండి పడినప్పుడు ఎండుగడ్డిని చుట్టలు చుట్టి దాన్లో కుక్కి, పైన బురద వేసి తొక్కుతారు. రమణగారు తన చెరువులకి అలా ఎన్నిసార్లు చేసి ఉంటాడో. గండి కొట్టేవాడికి గడ్డితో పనిలేదు.

కర్ర గోడకి ఆనించాడు. "మంచినీళ్ళున్నాయాండీ?" అన్నాడు. రాంబాబుగారు గ్లాసు ఇచ్చాడు. సగం తాగాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"అప్పుడు చిన్నవాణ్ణండీ," అన్నాడు నా వైపు చూసి. "రగడ జరిగి వారమే అయింది. పార కనపడింది. దొంగా అని కేకేశాను. అదే నాన్నగారికి చెప్పాను." ఉన్నట్టుండి మొహం ఎర్రగా చేసుకుని, "బొమ్మలెయ్యమంటే వెయ్యాలి గానీ, ఈ ఆరాలన్నీ మీకెందుకండీ అసలు? ఆపండి. మొత్తం ఆపేయండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కాసేపటికి రాంబాబుగారు పెన్సిలు తీసుకుని, "ఏవండీ, మరి ఆ గడ్డి వెయ్యనా వద్దా?" అన్నాడు. నా జన్మలో ఒక మనిషి మీద అంతగా అరవలేదు. పాపం, అందులో ఆయన తప్పేమీ లేదు.

తర్వాత కొన్నాళ్ళు ఏ కబురూ లేదు. పొద్దున్నే వాయిస్ మెసేజ్ రాకపోతే నాకు తోచలేదంటే నమ్మండి. పుస్తకం పోతే పోయింది. ఆ కుర్రాడు, కుర్రాడేంటి, నలభై అయిదేళ్ళ మనిషి, ఇంటికెళ్ళి నోరు విప్పాడా లేదా? విప్పకపోతే ఆ ముసలావిడ గతేమిటి? నాకు తెలిసిన సంగతి నేను చెప్పాలా, ఊరుకోవాలా? ఫోన్ తీసేదాన్ని, పెట్టేసేదాన్ని.

చివరికి ఆవిడే చేశారు. "ఏవమ్మా విజయా, వాడు చెప్పాడమ్మా. వాళ్ళ నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు."

"పెద్దాయన ఏమన్నారండీ?"

"ఏవంటారు? పేపరు చదువుతున్నారు. చదువుతూనే ఉన్నారు. పొద్దుపోయేదాకా ఒకటే పేజీ. తెల్లారాక కారు తియ్యమన్నారు. తమ్ముడి ఇంటి ముందు ఆపి హారన్ కొట్టించారంట. ఈయన దిగరు, వాడు ఎక్కడు. వాడొచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడంట. ఇన్నేళ్ళైంది, ఒక మాటన్నా ఉండద్దా అమ్మా ఇద్దరి మధ్యా? ఈయన డోరు తీసి 'ఎక్కు' అన్నారంట. వాడు ఎక్కి కూర్చుని, 'ముందు ఏలూరు పోనివ్వు. అక్కకి చీర కొనాలి' అన్నాడంట. అంతే!" ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

ఆ సాయంత్రమే రమణగారి వాయిస్ మెసేజ్. పుస్తకం కానివ్వండి, ఇరవయ్యో పేజీ మాత్రం తీసేయండి అని. వెంటనే ఫోన్ చేశాను. "ఏంటండీ! అసలు కథ ఇప్పుడే కదా దొరికింది. ఇది పెట్టకపోతే మిగతావన్నీ ఎందుకు?"

"అందులో నన్ను కూడా వెయ్యాలి గదండీ మేడమ్. గట్టు మీద నిలబడి, నోరు తెరుచుకుని."

అప్పటికే గడ్డిచుట్టతో తిరగరాసి పెట్టుకున్న ఆ పేజీ తీసేశాను. దాని బదులు కొత్త కారు ముందు కుటుంబమంతా నిలబడ్డ బొమ్మ వేయించారు. పాతికేళ్ళలో నేను రాసిన ఒకే ఒక్క మంచి పేజీ అచ్చు కాలేదు. కోడలు ఆకాశంలోంచి ఆశీర్వదిస్తున్న పేజీ మాత్రం అచ్చయింది.

వేడుకకి వెళ్ళాను. మహలక్ష్మమ్మగారు ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చున్నారు. కనిపించిన ప్రతివాళ్ళకీ కొంగు పట్టుకుని చూపిస్తున్నారు. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో సన్నగా, నల్లగా ఓ పెద్దమనిషి కూర్చున్నారు. చేతిలో మా పుస్తకం. మీసం లేదు. ఆయనే కృష్ణమూర్తిగారు.

"రాసింది మీరేనంట గదండీ. మొత్తం తిరగేశాను. బావ ఉన్నాడు, కోడలుంది, కారుంది. నేనెక్కడా లేనేంటండీ?"

"మీకో పేజీ రాశానండీ. తర్వాత తీసేయాల్సొచ్చింది."

"ఏం వేశారు దాంట్లో?"

"మీరు గండి పూడుస్తున్నట్టు. తర్వాతి బొమ్మలో గట్టు తెగిపోతుంది."

ఆయన విస్తట్లో పులిహోర కాసేపు కలిపారు. "తెగేది కాదండి," అన్నారు నెమ్మదిగా. "మూడు వంతులు పూడ్చేశాను. ఇంకో రెండు చుట్టలు కుక్కితే నిలబడిపోయేది. వెనకనుంచి దొంగా అని అరుపు వినిపించింది. వదిలేసి పైకొచ్చేశాను."

మా వెనక పెరుగు గిన్నె పట్టుకుని రమణగారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. గరిట చేతిలో అలాగే ఉండిపోయింది. కృష్ణమూర్తిగారు తలెత్తి ఆయన్ని చూశారు. విస్తట్లో అన్నానికి గుంట చేసి, "వెయ్యరా," అన్నారు.

మీ వృత్తిలో ఏం నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ కథే. "కళ్ళారా చూశానండీ" అని ఎవరన్నా సరే, ఇప్పుడు నేను స్క్రిప్టు మొదలుపెట్టను. లేచి నిలబడి చేసి చూపించమంటాను. రెండు చేతులతో, కాళ్ళతో, మొత్తంగా. క్లయింట్లు చచ్చేంత విసుక్కుంటారు. బొమ్మల పుస్తకానికి ఇంత అవసరమా అండీ అంటారు. విసుక్కుంటే విసుక్కున్నారు, నాకు అలవాటే. ఆ రోజు గట్టు మీద ఎవరైనా ఇంకొక్క క్షణం ఆగి చూసి ఉంటే ఆ గట్టు నిలిచేది.